శిక్షణకూ అదను కావాలి

సేద్యం బడికి వెళ్లి నేర్చుకోవలసిన విద్య అని తెలుగు పల్లెల్లో చాలాకాలం ఎవరూ అనుకోలేదు. అరక వెనుక నడుస్తూ, నారుమడి గట్టున ఆడుకుంటూ, కళ్లంలో తూర్పార పట్టేవేళ చేయి కలుపుతూ పిల్లలు ఆ విద్యను ఇంటి పనులతోపాటే అందుకునేవారు. విత్తనం వేయడానికి సరైన సమయాన్ని అదను అని, అది మొలకెత్తడానికి తగిన తడి నేలలో ఉండటాన్ని పదును అని రైతులు అంటారు. ఈ రెండింటినీ గుర్తించే చూపు తండ్రి నుంచి కొడుక్కి, అత్త నుంచి కోడలికి పొలంలోనే సంక్రమించేది. గత నాలుగైదు దశాబ్దాలలో ఆ సంక్రమణ సన్నగిల్లింది. పిల్లలు వానకాలమంతా బడిలోనో హాస్టల్లోనో గడపడం వల్ల విత్తు మొదలు కోత వరకు ఒక పంటను పూర్తిగా చూసే అవకాశం వారికి దక్కడం లేదు; చదువు ముగించుకుని, లేదా పట్నంలో ఉద్యోగం వదులుకుని, ఇరవై అయిదేళ్ల వయసులో పొలంలో అడుగుపెట్టేవారికి పట్టాదారు పాసుపుస్తకం వారసత్వంగా వచ్చినా పొలం చదివే చూపు రావడం లేదు. యువ రైతులలో శిక్షణ కోసం పెరుగుతున్న ఆసక్తికి ఇదే మొదటి కారణం.

రెండో కారణం పొలంలోనే ఉంది. పెద్దల అనుభవం ఎంత గొప్పదైనా, వారు ఎన్నడూ చూడని సమస్య ఎదురైనప్పుడు అది ఒక్కటే అక్కరకు రాదు. అమెరికా ఖండాలకు చెందిన కత్తెర పురుగు 2018లో భారతదేశంలో తొలిసారి కనిపించి, అదే ఏడాది తెలుగు రాష్ట్రాల మొక్కజొన్న చేలకు పాకింది. లద్దె మొక్క సుడిలో దాగి తింటుంది కాబట్టి, ఆకుల పైపైన పిచికారీ చేసిన మందు దానిని చేరనే చేరదు. 2021-22 పంటకాలంలో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలో చేరి పిందె పడకుండా చేయగా, పాత తామర పురుగుకు వాడిన మందులనే రైతులు మళ్లీ మళ్లీ కొట్టి పెట్టుబడి పెంచుకున్నారు. బీటీ పత్తి వచ్చిన తరువాత బెడద తీరిందనుకున్న గులాబీ రంగు పురుగు ఆ పత్తిలోని విషాన్ని తట్టుకునే శక్తి సంపాదించుకుని తిరిగివచ్చింది. 2016లో దేశంలో తొలిసారి గుర్తించిన సర్పిలాకార తెల్లదోమ కోస్తా కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలకు విస్తరించింది. వీటిలో ఏ ఒక్కదానికీ తాతల నాటి పరిష్కారం లేదు. తండ్రీ కొడుకులిద్దరూ ఒకేసారి కొత్తగా నేర్చుకోవలసిన పాఠాలివి.

కోరేవారు ఒక్కరు కారు

యువ రైతులు అనే మాట ఒకటే అయినా దాని కింద కనీసం నాలుగు రకాల వారున్నారు. ఊళ్లోనే ఉండి కుటుంబ సేద్యాన్ని కొనసాగిస్తున్నవారికి నాట్లు, కలుపు, కోత కొత్తవి కావు. వారికి కావలసింది భూసార పరీక్ష ఫలితాన్ని చదివి ఎరువు మోతాదు తగ్గించుకోవడం, బిందు సేద్యం ద్వారా నీటిలో కలిపి ఎరువు అందించడం, పంటతోపాటు పాడి, గొర్రెలు, పుట్టగొడుగులు, పట్టుపురుగుల పెంపకం వంటి అదనపు ఆదాయాన్ని జోడించడం. చదువుకుని, ఉద్యోగం చేసి తిరిగివచ్చిన వారిది దీనికి తలకిందులైన పరిస్థితి: లెక్కలు, మార్కెటింగ్, సాంకేతికత వారికి తెలుసు గానీ, నేల పదును, పశువు అనారోగ్య లక్షణం, కూలీలతో పని కుదుర్చుకునే తీరు తెలియవు. ఈ రెండు రకాల వారిని ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే పాఠం చెబితే, సగం సమయం ఒకరికి, సగం సమయం మరొకరికి వృథా అవుతుంది.

మూడో వర్గం కౌలు రైతులు, భూమి పేరు మీద లేని యువతులు. సేద్యపు పనిలో పెద్ద భాగం స్త్రీలే మోస్తున్నా, పట్టా పురుషుడి పేరు మీద ఉండటం వల్ల శిక్షణకు పిలుపు కూడా ఆ పేరుకే వెళ్లడం సాధారణం. కౌలుకు సాగుచేసే యువకుడి పేరు చాలా జాబితాల్లో ఉండదు. నాలుగో వర్గం సొంతంగా సాగుచేయకపోయినా సేద్యానికి సేవలందించి బతకదలచినవారు: వరినాటు యంత్రం నడిపేవారు, ట్రాక్టరు, కోత యంత్రం మరమ్మతు చేసేవారు, ఆయిల్‌పామ్ గెలలను పొడవాటి గెడకు కట్టిన కొడవలితో కోసేవారు, డ్రోన్‌తో పిచికారీ చేసేవారు. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్నవారు గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పూర్తిచేసి రిమోట్ పైలట్ ధ్రువపత్రం పొందవచ్చు. 2023లో ప్రకటించిన నమో డ్రోన్ దీదీ పథకం మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్ ఖరీదులో 80 శాతం వరకు, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల సాయంతోపాటు 15 రోజుల శిక్షణను కూడా కలిపింది.

ఉన్న వ్యవస్థ, దాని కొలత

రైతుకు చదువు చెప్పాలన్న ఆలోచన ఈ నేలకు కొత్తదేమీ కాదు. ఆచార్య ఎన్.జి.రంగా 1930వ దశకంలో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో నెలకొల్పిన రైతాంగ విద్యాలయం పంటల సాగు కంటే రైతుల హక్కులకు, ఆర్థిక రాజకీయ అవగాహనకు ప్రాధాన్యమిచ్చింది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తరువాతి కాలంలో ఆయన పేరే పెట్టారు. రాష్ట్ర విభజన తరువాత ఆ విశ్వవిద్యాలయం గుంటూరు సమీపంలోని లాం కేంద్రంగా, తెలంగాణకు ఏర్పడిన ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా పనిచేస్తున్నాయి. పదో తరగతి తరువాత రెండేళ్లలో పూర్తయ్యే వ్యవసాయ డిప్లొమా కోసం పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. అయితే వాటిలో చేరినవారిలో అనేకుల చూపు ఉద్యోగం మీదో పై చదువు మీదో ఉంటుంది కాబట్టి, సొంత పొలం దున్నదలచినవారికి అవి పూర్తి సమాధానం కాలేకపోయాయి.

ఆ లోటును పూడ్చడానికి పుట్టినవే కృషి విజ్ఞాన కేంద్రాలు. పట్టాలు, పరీక్షలు లేకుండా చేతిపని ద్వారా రైతులకు, గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చే కేంద్రాలు ఉండాలని మోహన్ సింగ్ మెహతా అధ్యక్షతన ఏర్పడిన సంఘం సూచించగా, మొదటి కేంద్రం 1974లో పుదుచ్చేరిలో మొదలైంది. నేడు దేశంలో వాటి సంఖ్య 700 దాటింది. కొన్నింటిని విశ్వవిద్యాలయాలు, కొన్నింటిని కేంద్ర పరిశోధనా సంస్థలు, కొన్నింటిని స్వచ్ఛంద సంస్థలు నడుపుతున్నాయి. పశ్చిమగోదావరి ప్రాంతంలోని ఉండి, ఎన్టీఆర్ జిల్లాలోని గరికపాడు, కరీంనగర్ జిల్లా జమ్మికుంట, సూర్యాపేట జిల్లా గడ్డిపల్లి కేంద్రాలు తెలుగు రైతులకు పరిచితమైన పేర్లు. పరిశోధనా క్షేత్రంలో నెగ్గిన రకాన్ని, పద్ధతిని రైతు పొలంలో పరీక్షించడం, శాస్త్రవేత్తల పర్యవేక్షణలో రైతు చేతనే పండించి చుట్టుపక్కల వారికి చూపే ప్రథమ శ్రేణి ప్రదర్శనలు నిర్వహించడం, శిక్షణ ఇవ్వడం వీటి ప్రధాన విధులు. యువతను సేద్యం వైపు ఆకర్షించి నిలిపేందుకు భారత వ్యవసాయ పరిశోధనా మండలి 2015-16లో ప్రారంభించిన ఆర్య పథకం కూడా ఈ కేంద్రాల ద్వారానే నడుస్తోంది.

ఇన్ని ఉన్నా కొరత ఎందుకు మిగిలిందో తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు. ఒక కృషి విజ్ఞాన కేంద్రానికి మంజూరయ్యే పోస్టులు 16. వాటిలో అధిపతి కాక విషయ నిపుణులు ఆరుగురు. జిల్లాలో 500 గ్రామాలున్నాయనుకుంటే, ఆ బృందమంతా కలిసి వెళ్తే, ఏడాదిలో ప్రతి ఊరికీ ఒక్క రోజు కేటాయించడం కూడా సాధ్యం కాదు. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి చొప్పున ఏర్పాటు చేసి, రైతులు కలుసుకునేందుకు 2,601 రైతు వేదికలు నిర్మించారు. విస్తరణ అంటే పరిశోధనాశాలలో తేలిన విషయాన్ని పొలం దాకా చేర్చడం, పొలంలోని సమస్యను తిరిగి పరిశోధకుడికి చేర్చడం. తెలుగు రాష్ట్రాల్లో సగటు కమతం ఇంచుమించు ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు కాబట్టి, 5,000 ఎకరాలలో దాదాపు 2,000 కమతాలుంటాయి. ఒక్కో రైతుకు ఏడాదికి ఒక్క గంట ఇచ్చినా రోజుకు ఎనిమిది గంటల చొప్పున 250 పనిదినాలు, అనగా ఆ అధికారి ఏడాది కొలువంతా అందులోనే గడిచిపోతుంది. పంట నమోదు, పథకాల దరఖాస్తులు, ఎరువుల పంపిణీ పర్యవేక్షణ వంటి పనులకు ఆ తరువాత సమయమే మిగలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ప్రారంభమై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా వ్యవహరిస్తున్న పదివేలకు పైగా గ్రామ స్థాయి కేంద్రాలు ఈ దూరాన్ని కొంత తగ్గించినా, సిబ్బంది భుజాల మీద పడే పనుల తీరు అక్కడా ఇంతే.

సలహా ఎక్కడ దొరుకుతోంది

ప్రభుత్వ వ్యవస్థ చేరని చోట రైతు ఊరికే కూర్చోడు. దొరికిన చోట సలహా తీసుకుంటాడు. 2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ రైతుల స్థితిగతులపై జరిపిన దేశవ్యాప్త సర్వేలో ఆధునిక పద్ధతుల గురించి ఏదో ఒక మార్గంలో సమాచారం అందుకున్న కుటుంబాలు 40 శాతం మాత్రమే అని తేలింది. మొత్తం కుటుంబాలలో అభ్యుదయ రైతుల ద్వారా తెలుసుకున్నవారు 16.7 శాతం, ఎరువులు, పురుగుమందుల దుకాణదారుల ద్వారా తెలుసుకున్నవారు 13.1 శాతం ఉండగా, కృషి విజ్ఞాన కేంద్రాలను పేర్కొన్నవారు ఒక శాతానికి లోపే. ఆ సర్వేలోనే, వీలుంటే సేద్యం మానుకుని వేరే పని చూసుకుంటామని 40 శాతం మంది చెప్పారు. ఈ అంకెలు పాతవే అయినా అవి చూపిన రెండు వాస్తవాలు నేటికీ చెల్లుతాయి: రైతు తొలుత నమ్మేది తన వంటి మరో రైతును, ఆ తరువాత ఆశ్రయించేది అప్పు మీద మందు ఇచ్చే దుకాణాన్ని.

దుకాణదారు సలహాలో అమ్మకపు ప్రయోజనం కలిసి ఉంటుందన్నది నిజమే గానీ, అతడిని తప్పించడం సాధ్యం కాదు కాబట్టి అతడికే శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ, అంటే ‘మేనేజ్’, చేసింది. ఆ సంస్థ 2003లో ప్రారంభించిన ‘దేశీ’ డిప్లొమాలో దుకాణదారులు ఏడాదిపాటు వారానికో రోజు, అంగడి సెలవునాడు, 40 తరగతులకు, 8 క్షేత్ర సందర్శనలకు హాజరవుతారు. పని మానుకోకుండా, ఒకేసారి ముద్దగా కాకుండా, కాలం పొడవునా కొద్దికొద్దిగా నేర్పే ఈ పద్ధతి దుకాణదారుకు కుదిరినప్పుడు యువ రైతుకు ఎందుకు కుదరదన్నది వేసుకోవలసిన ప్రశ్న.

పొలమే పలక

ఒక్కరోజు శిక్షణలోని లోపం దాని నిడివిలోనే ఉంది. ఫిబ్రవరిలో సభామందిరంలో విన్న వరి సుడిదోమ పాఠం సెప్టెంబరులో దుబ్బు మొదట దోమ కనిపించేనాటికి గుర్తుండదు. గుర్తున్నా, అప్పటి వాన, పైరు వయసు, పక్క పొలం పరిస్థితి ఆ పాఠంలో ఉండవు. దీనికి విరుగుడుగా వచ్చిన పద్ధతి రైతు క్షేత్ర పాఠశాల. ఇండోనేషియాలో వరి పొలాలను సుడిదోమ ముంచెత్తినప్పుడు, ఆ విపత్తుకు మూలం విచ్చలవిడి మందుల వాడకమేనని శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల మందులను నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అక్కడ మొదలైన క్షేత్ర పాఠశాలలు తరువాత ఆసియా అంతటా వ్యాపించి, తెలుగు నేలపై పొలంబడి అయ్యాయి.

పొలంబడిలో పాతిక ముప్పై మంది రైతులు పంటకాలమంతా వారానికోసారి ఒకే పొలం దగ్గర కలుస్తారు. పొలాన్ని రెండు భాగాలు చేసి, ఒకదానిలో రైతుల మామూలు పద్ధతి, మరొకదానిలో సమగ్ర సస్యరక్షణ పాటిస్తారు. ఉదయాన్నే చిన్న జట్లుగా దిగి ఎంపిక చేసిన మొక్కలను పరిశీలించి, పిలకలు, ఎత్తు, పురుగుల సంఖ్య, వాటిని తినే సాలీళ్లు, అక్షింతల పురుగుల వంటి మిత్ర పురుగుల సంఖ్య లెక్కపెడతారు. చెట్టు నీడన పెద్ద కాగితంపై మొక్క బొమ్మ గీసి, ఒక పక్క శత్రువులను, మరొక పక్క మిత్రులను వేసి, ఈ వారం మందు కొట్టాలా వద్దా అని వాదించుకుని తేల్చుకుంటారు. పురుగు వల్ల కలిగే నష్టం మందు ఖర్చును మించిపోయే స్థాయిని ఆర్థిక నష్ట పరిమితి అంటారు. గదిలో చెబితే నిర్వచనంగా మిగిలిపోయే ఈ మాట, వారం వారం లెక్కపెట్టిన చేతికి నిర్ణయంగా మారుతుంది. శిక్షకుడు ఇక్కడ జవాబు చెప్పడు, ఎదురు ప్రశ్న వేస్తాడు. పద్నాలుగు పదిహేను వారాలు ఇలా గడిపిన యువకుడు ఒక పంటను పూర్తిగా చూసినవాడవుతాడు. బాల్యంలో బడి వల్ల కోల్పోయిన అవకాశం అతడికి ఈ విధంగా తిరిగి దక్కుతుంది.

రైతే గురువు

వారానికో రోజు చొప్పున ప్రతి ఊళ్లో నడిపేంత మంది శిక్షకులు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకు కూడా తెలుగు గ్రామాలు ఒక జవాబు చూపాయి. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల గ్రామం ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో పురుగుమందులు లేని సేద్యానికి మారి ప్రసిద్ధికెక్కింది. అక్కడి రైతులే ఇరుగుపొరుగు గ్రామాల వారికి పాఠం చెప్పారు. ఆ అనుభవాన్ని మహిళా సంఘాల ద్వారా ప్రభుత్వం విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి సేద్య కార్యక్రమానికి వెన్నెముక ఈ పద్ధతే. సొంత పొలంలో ఆచరించి ఫలితం సాధించిన రైతును సామాజిక వనరుల వ్యక్తిగా, అంటే ఊళ్లో వాడే పొట్టి మాటలో సీఆర్పీగా, ఎంపిక చేసి ఇతర గ్రామాలకు పంపుతారు. ఘన, ద్రవ జీవామృతాల తయారీ, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాది పొడవునా పచ్చగా ఉంచడం వంటివి వారు చేసి చూపిస్తారు. ఈ కార్యక్రమం 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారాన్ని మరో ఇద్దరు విజేతలతో కలిసి అందుకుంది.

రసాయనాలు లేని సేద్యంలో దిగుబడుల గురించి శాస్త్రవేత్తల మధ్య వాదం ఉన్నా, శిక్షణ పద్ధతిగా దీని విలువ ఆ వాదంపై ఆధారపడదు. తోటి రైతు ఊళ్లోనే ఉంటాడు. విత్తిన మరుసటి వారం ఫలానా చోట మొలక రాలేదంటే వచ్చి చూడగలడు. తప్పు చెబితే ఊరికి జవాబు చెప్పుకోవాలి. అయితే ఈ పద్ధతికి ఒక ప్రమాదమూ లేకపోలేదు. నోటి నుంచి నోటికి సాగేకొద్దీ మోతాదు మారిపోతుంది, ఒక నేలలో నెగ్గిన చిట్కా అన్ని నేలలకూ సూత్రమైపోతుంది. అందువల్ల కృషి విజ్ఞాన కేంద్రంలోని ఆరుగురు నిపుణుల సమయాన్ని వేలమంది రైతుల ముందు ఉపన్యాసాలకు కాక, వందమంది రైతు శిక్షకులను తీర్చిదిద్ది, ఏటా వారి పాఠాన్ని సరిచూసేందుకు వినియోగిస్తే, ఇందాకటి లెక్కలో కనిపించిన అసాధ్యం సాధ్యమవుతుంది.

చేతి ఫోను ఈ పనికి తోడు కాగలదు. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుపై తెలుగులోనూ సలహాలిస్తుంది. తెలంగాణలో 2024లో ఆరంభించిన రైతు నేస్తం కార్యక్రమం రైతు వేదికలను వీడియో ద్వారా శాస్త్రవేత్తలతో కలిపింది. వీడియోలో చూసి చీడను పోల్చుకోవచ్చు, యంత్రం బిగించడం నేర్చుకోవచ్చు. కానీ ఎకరానికి లక్షల లాభమని ఊరించే వీడియోలు కూడా అదే తెరపై కనిపిస్తాయి కాబట్టి, ఏది తన నేలకు, తన నీటికి, తన అంగడికి తగునో వడపోసుకునే నేర్పు ముందుగా పొలంలో అబ్బాలి.

పెట్టుబడి లేని విద్య

పుట్టగొడుగుల పెంపకం నేర్చుకున్న యువతికి షెడ్డు వేసే డబ్బు, సరుకు కొనే వ్యాపారి దొరకకపోతే ఆమె ధ్రువపత్రం గోడకే పరిమితమవుతుంది. ఈ విషయంలో అనుసరించదగిన నమూనా కర్ణాటకలోని ఉజిరెలో 1982లో పుట్టింది. దాని ఆదర్శంగా జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు నడుపుతున్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు భోజన వసతులతో ఉచితంగా పాడి, కోళ్లు, గొర్రెల పెంపకం వంటి పనులు నేర్పడమే కాక, శిక్షణ ముగిశాక రెండేళ్లపాటు అభ్యర్థి వెంట ఉండి రుణం ఇప్పించడం, వ్యాపారం నిలదొక్కుకునేలా చూడటం తమ విధిగా పెట్టుకున్నాయి. వ్యవసాయ పట్టభద్రులు, డిప్లొమాదారుల కోసం 2002లో మొదలైన అగ్రిక్లినిక్కులు, అగ్రిబిజినెస్ కేంద్రాల పథకంలో 45 రోజుల శిక్షణకు బ్యాంకు రుణం, సబ్సిడీ జతపడ్డాయి. ఈ రెండింటిలోనూ బోధన, అప్పు, ఆ తరువాతి తోడు ఒకే గొలుసులోని లంకెలు. పట్టభద్రుడికి ఉన్న ఆ గొలుసు కౌలు రైతుకూ, భూమి పేరున లేని స్త్రీకీ అందాలంటే, పట్టాతో పనిలేకుండా సాగుచేసేవారినే శిక్షణార్థిగా గుర్తించాలి.

వీటన్నిటికీ ముందు సరిచేయవలసింది క్యాలెండరు. ప్రభుత్వ సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. రైతు సంవత్సరం ఏరువాకతో, జూన్ తొలకరితో మొదలవుతుంది. నిధులు, అనుమతులు మొదటి క్యాలెండరును అనుసరించినంత కాలం శిక్షణ పంట కోశాక వస్తుంది, లేదా దుక్కికి ముందే ముగిసిపోతుంది. దానితోపాటు కొలమానమూ మారాలి. ఎంతమంది హాజరయ్యారన్న లెక్క సంతకాల పట్టీలో తేలికగా దొరుకుతుంది. రెండు పంటకాలాల తరువాత వారిలో ఎంతమంది సేద్యంలో నిలిచారు, ఎన్నిసార్లు మందు తగ్గించారు, ఎవరి ఆదాయం పెరిగింది అన్న లెక్క కోసం వారి పొలం గట్టుకు మళ్లీ వెళ్లాలి. అలా వెళ్లినవారికి, ఏ పాఠం అదనులో అందిందో, ఏది అదను దాటి వచ్చిందో పైరే చెబుతుంది.